ముప్పైనాలుగు మార్కుల చెంచురామయ్య

భద్రాచలంలోని మా సహకార సంఘం ఆఫీసులో లెక్కల సెక్షన్‌కు చేతుల కుర్చీ ఒకటి, స్టూలు ఒకటి ఉండేవి. లెక్కలు రాసేది స్టూలు మీది చెంచురామయ్య. కింద సంతకం పెట్టేది చేతుల కుర్చీలోని అకౌంటెంటు. ఆ అకౌంటెంటు మా ప్రెసిడెంటు వెంకటరామారావు గారి మేనల్లుడు. బి.కాం. ప్యాసై వచ్చిన మొదటిరోజు "ఈ పుస్తకం ఎటునుంచి తెరవాలండీ?" అని అడిగాడు. అతనికి పని నేర్పింది చెంచురామయ్యే. పద్నాలుగేళ్ల సర్వీసు ఉంది, వేలెత్తి చూపలేని పుస్తకాలున్నాయి. అయినా "డిగ్రీ లేదు కదయ్యా" అన్న ఒక్క ముక్కతో కుర్చీ మేనల్లుడికి పోయింది. 1978 నాటి సంగతి. యూనియన్ కార్యదర్శిగా నేను పిడికిలి బిగించాను. చెంచురామయ్య మాత్రం ఊగుతున్న స్టూలు కాలికింద అట్టముక్క మడిచి పెట్టుకుని మళ్లీ లెక్కల్లో పడ్డాడు.

అంత నెమ్మదస్తుడికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పరీక్షలు.

లెక్కలకు సంబంధించిన పరీక్ష ఈ దేశంలో ఏ మూల ఎవరు పెట్టినా చెంచురామయ్య ఫీజు కట్టేవాడు. సహకార డిప్లొమా, ఆడిట్ టెస్టు, ఎక్కడో బొంబాయి నుంచి పోస్టులో వచ్చే కాస్టు లెక్కల కోర్సు, ఇలా తొమ్మిది సర్టిఫికెట్లు. అన్నింటినీ చుట్టి ఒక రేకు గొట్టంలో పెట్టి, ఆ గొట్టాన్ని చంకలో పెట్టుకుని తిరిగేవాడు. సంతకం పెడితే కొత్తగూడెం బొగ్గురైలే. పేరు ఇంజను, వెనక తొమ్మిది డబ్బాలు. జీతాల రిజిస్టర్లో ఆ రైలు తన గడి దాటి పక్కవాడి గడిలోకి వెళ్లి ఆగేది.

"సారూ, నా ఏలిముద్రకు జాగ ఏది?" అనేవాడు గోదాము కాపలాదారు పగిడయ్య.

"కాస్త పైకి వెయ్యి పగిడయ్యా. బొంబాయి కోర్సు మీద పడకుండా చూడు."

ఎవరు ఎదురైనా "బాగున్నావా" అనడం ఆయనకు తెలియదు. "పరీక్ష కట్టావా?" అనేవాడు. తల్లాడలో ఒక పెళ్లికి వెళ్లి, తాళి కట్టి లేచిన పెళ్లికొడుకునీ అదే అడిగాడు. దవాఖానాలో సూది వేయబోతున్న డాక్టర్నీ అడిగాడు. డాక్టరు సూది మరిచిపోయి, "నేను ఎంబీబీయెస్ అండీ" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

ఒకసారి చర్ల రోడ్డులో పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో ఆ దారిలో చెట్టు కదిలినా అనుమానమే.

"ఎవరు నువ్వు? ఆ గొట్టంల ఏమున్నది?"

"తొమ్మిదున్నాయండి."

జవాన్లు నాలుగడుగులు వెనక్కి వేసి తుపాకులు సర్దుకున్నారు. గొట్టం నేలమీద పెట్టించి, కర్రతో దొర్లించి, మూత ఊడదీశారు. చుట్ట విప్పితే రంగు రంగుల ముద్రలు. చెంచురామయ్య ఒక్కొక్కటే పట్టుకుని, అది ఏ సంవత్సరంలో వచ్చిందీ, ఏ పేపరు కఠినంగా ఉన్నదీ వివరించసాగాడు. మూడో సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి వాళ్లే గేటు ఎత్తి, "పో సారూ, జల్దీ పో" అని దండం పెట్టారు. ఆయన పోలేదు. గేటు పట్టుకున్న కుర్ర కానిస్టేబుల్ భుజం తట్టి, "నాయనా, పరీక్ష కట్టావా?" అని అడిగి మరీ కదిలాడు.

ఇలాంటి మనిషి స్టూలు మీద ఉండడం మాకు నామోషీ అనిపించింది. రెండేళ్లు కొట్లాడాం. నేను వెయ్యని కరపత్రం లేదు, ఎక్కని బల్ల లేదు. 1980లో పాలకవర్గం దిగివచ్చింది. రెండో అకౌంటెంటు పోస్టు ఒకటి మంజూరైంది. సంఘంలో పనిచేసేవారెవరైనా సరే, డిగ్రీ లేకపోయినా, సర్కారు వారి బుక్ కీపింగ్ లోయర్ పరీక్ష ప్యాసైతే ఆ పోస్టు వాళ్లదే. మరీ చిన్నదని చెంచురామయ్య అంతదాకా కట్టని పరీక్ష అదొక్కటే. దానికి తోడు ఆ ఏడే ఆ పరీక్షకు భద్రాచలంలో సెంటరు పడింది. తొమ్మిది సర్టిఫికెట్ల వీరుడికి లోయర్ ఒక లెక్కా? ఫలితాలు రాకముందే నేను వడ్రంగి దూలయ్యకు కొత్త చేతుల కుర్చీ చెప్పి వచ్చాను.

ఫలితం వచ్చింది. నూటికి ముప్పైనాలుగు. ప్యాసు మార్కు ముప్పైఐదు.

"పోయింది కార్యదర్శీ," అన్నాడు చెంచురామయ్య, విందుకు వెళ్లి వచ్చినంత హుషారుగా. "మళ్లీ కడతాను."

మరుసటేడు కట్టాడు. ముప్పైనాలుగు. ఆ మరుసటేడూ ముప్పైనాలుగే. ప్రెసిడెంటు గారి ఆనందం చెప్పనలవి కాదు. "మేం పోస్టు ఇచ్చామయ్యా, మీవాడే ప్యాస్ కావడం లేదు" అని కనపడ్డ ప్రతివాడితోనూ అనేవాడు. చేసిన కుర్చీ దూలయ్య కొట్టంలోనే ఉండిపోయింది. నాలుగో ఏటికి దూలయ్య కోడి అందులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

"కుర్చీ తీస్కపోరాదూ?" అనేవాడు దూలయ్య.

"వచ్చే ఏడు."

"నిరుడు గూడ గిట్లనే అంటివి. కోడికి అలవాటైపాయె."

తాను ఫెయిలవుతూనే చెంచురామయ్య ఊళ్లోవాళ్లకు పాఠాలు చెప్పేవాడు. సాయంత్రం ఐదు దాటగానే, సంఘం కొన్న ఇప్పపువ్వు నిలవచేసే గోదాములో బస్తాల మీద క్లాసు. సారా కాచే ఆ పువ్వు వాసనకు మొదటి వారం ఎవరి పద్దులైనా కాస్త తూలేవి. దుమ్ముగూడెం, చర్ల వైపు నుంచి కోయ కుర్రాళ్లు వచ్చేవాళ్లు. పాల్వంచ అవతలి తండాల పిల్లలు వచ్చేవాళ్లు. ఏటా వాళ్లలో సగం మందికి పైగా ప్యాసయ్యేవారు. ఒకడు హాస్టల్ స్టోరులో గుమాస్తా అయ్యాడు, ఇంకొకడు రైసుమిల్లులో లెక్కలు రాశాడు. బి.కాం. చదవాలంటే మూడేళ్లు ఖమ్మంలోనో వరంగల్లులోనో కిరాయి గదిలో ఉండాలి. ఈ పరీక్షకు ఒక అరువు పుస్తకం, కూర్చోవడానికి ఒక బస్తా చాలు. డిగ్రీ గొప్పదే, కాదనను. అయితే అది దొరకనివాళ్లకు తెలివి లేదనుకునే ఆఫీసుల మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

1983లో ఆయన మా ఆఫీసు ఎదుటి టీ కొట్టు బొజ్జయ్య వెంట పడ్డాడు.

"పరీక్ష కట్టు బొజ్జయ్యా."

"నాకేంటికి సారూ? చాయ్ పోసెటోణ్ని."

"ఫీజు నేను పెడతాను. నువ్వు వచ్చి కూర్చుంటే చాలు. ప్యాస్ కానక్కర్లేదు."

బొజ్జయ్య సరేనన్నాడు. అయితే చెంచురామయ్య నోరు ఊరుకోదు కదా. రోజూ టీ తాగే పది నిమిషాల్లో జమ ఇటు, ఖర్చు అటు అని చెబుతూనే ఉన్నాడు. ఫలితాల్లో బొజ్జయ్యకు నలభై ఒకటి వచ్చాయి. ఊరంతా బొజ్జయ్యను భుజాలమీద ఎక్కించుకుంటే చెంచురామయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు.

"ఎంత పని చేశావయ్యా బొజ్జయ్యా! నిన్ను నమ్ముకున్నాను కదయ్యా!"

"తప్పయింది సారూ. మల్ల రాసి ఫేలయిత."

"ప్యాసైనవాణ్ని మళ్లీ రాయనివ్వరయ్యా!"

మేమంతా ముఖముఖాలు చూసుకున్నాం. ఎంత మంచివాడికైనా అసూయ పుడుతుంది కాబోలు అనుకున్నాం. ఆ మాట అనుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ని. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

1988లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మొదటిది, ప్రెసిడెంటు గారి నోటీసు. ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న రెండో అకౌంటెంటు పోస్టుకు వచ్చే జూన్‌లోగా అర్హులు దొరక్కపోతే పోస్టు రద్దు. రెండోది, కమ్లి.

కమ్లి మా గోదాములో ఇప్పపువ్వు జల్లెడ పట్టే రోజుకూలీ. పది ప్యాసైంది. మొగుడు మోతీలాల్ లారీలకు బస్తాలు ఎత్తుతాడు. కమ్లి చంకలో లాలి అనే చంటిపిల్ల. క్లాసు జరుగుతుంటే బస్తాల వెనక జల్లెడ ఆడిస్తూ వినేది. ఒకరోజు ఆ వెనకనుంచే అడిగింది.

"సారూ, పచ్చి పువ్వు వంద కిలోలు కొన్నరు. ఎండినంక అరవై తూగింది. తక్కిన నలభై యాడికి పాయె?"

"పుస్తకంలో ఏమని ఉంది?"

"పగిడయ్య మామ ఎత్కపోయిండని ఉన్నది."

నిజమే, అలాగే ఉంది. మేనల్లుడుగారు చదివిన పుస్తకంలో సరుకు ఎండడమనేది లేదు. తూకం తగ్గితే కాపలావాడి బాధ్యత అని రాయించేవాడు. పగిడయ్య జీతంలో ప్రతి వేసవీ కోత పడేది. చెంచురామయ్య ప్రతిసారీ మార్జిన్లో 'ఇది ఎండిన తరుగు' అని చిన్నగా రాసేవాడు. స్టూలు మీదివాడి రాత కుర్చీలోంచి కనపడదు.

"ఈ జల్లెడ అవతల పెట్టి ఇటు రా అమ్మా," అన్నాడు. "పరీక్ష కట్టావా?"

కమ్లి క్లాసులో కూర్చుంది. ఆమె తండ్రి తుల్సీరాం ముందే చెప్పేశాడు. "భద్రాచలం అయితే పొద్దుగాల పోయి సాయంత్రం రా బిడ్డా. వరంగల్ గిరంగల్ అంటే చంటిపిల్లతోని నేను పంప."

ఆ ఏడు కూడా చెంచురామయ్యకు ముప్పైనాలుగే వచ్చాయి. నా ఓపిక నశించింది. తొమ్మిదేళ్లు, తొమ్మిదిసార్లు, తొమ్మిదీ ముప్పైనాలుగు! ఇది కుట్ర కాక మరేమిటి? డిగ్రీలవాళ్లు ఏకమై ఒక శ్రమజీవిని ఒక్క మార్కుతో తొక్కేస్తున్నారు! మార్కుల కాగితాలన్నీ పట్టుకుని, ఎర్రగుడ్డ మీద 'ఆ ఒక్క మార్కు ఎక్కడ?' అని రాయించి, నలుగురు కార్మికులతో హైదరాబాదు పరీక్షల ఆఫీసు ముందు దిగాను. ఇరవై నిమిషాలు నినాదాలు ఇచ్చాక లోపలికి పిలిచారు. ఆఫీసరు పద్మావతమ్మ గారు పెద్దావిడ.

"కుట్ర సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఈ పేపరు చూడండి."

చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ముప్పైనాలుగు పద్దులు.

"పద్దుకు ఒక మార్కు. అన్నీ రైటే," అన్నారావిడ. "ముప్పైనాలుగో పద్దు కింద, లెక్క ముగిసిందని గీసే జంటగీతలు గీశాడు. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే. ఏటా ఇంతే. ఈయన్ని ఫెయిల్ చేయాలంటే మాకే ప్రాణం ఉసూరుమంటుంది."

"మరి ఎందుకు ఆపేస్తున్నాడు?"

"నన్నడుగుతారేం? మీ సెంటరు ఏటా సరిగ్గా పన్నెండుమందితో నడుస్తోంది. ఒక్కరు తగ్గినా ఎత్తేసి వరంగల్లులో కలిపేవాళ్లం. అన్నట్టు, వచ్చే ఏడు నుంచి పన్నెండు చాలదు. పాతికమంది కావాలి. ఉత్తరం పంపాం."

ఎర్రగుడ్డ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాం. తిరుగు బస్సెక్కాం.

నేరుగా గోదాముకు వెళ్లాను. "చెంచురామయ్య గారూ, ముప్పైఐదో పద్దు మీకు రాదా?"

కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "వచ్చు కార్యదర్శీ. అది రాస్తే పన్నెండో మనిషి ఏడీ?"

"తొమ్మిదేళ్లు స్టూలు మీద..."

"వీపు ఆనించుకునే సుఖం లేదు గానీ, అంకెలు నిటారుగా వస్తాయిలే."

"నాకైనా చెప్పొచ్చు కదా!"

"నీకు చెబితే కరపత్రం వేస్తావు. అది బోర్డువాళ్లు చదువుతారు."

అప్పుడు పాతికమంది సంగతి చెప్పాను. అంతకాలంలో ఆయన ముఖం వాడిపోవడం అదే మొదటిసారి చూశాను. బస్తాల మధ్య పిల్లను పడుకోబెట్టి పద్దులు రాసుకుంటున్న కమ్లి వైపు చూశాడు. "ఇంత దూరం వచ్చింది పాపం. నేనొక్కణ్ని పదమూడుమందిని కాలేనే."

"మీరు కానక్కర్లేదు. యూనియన్ ఉన్నది ఎందుకు?" అన్నాను.

ఆ నెల భద్రాచలంలో ఎవరు ఎదురైనా అడిగే మాట ఒకటే: "పరీక్ష కట్టినవా?" నేను కట్టాను. దూలయ్య కట్టాడు. కమ్లి మూడు తండాలు తిరిగి ఏడుగురిని తెచ్చింది. చర్ల రోడ్డు కానిస్టేబుల్ తనంతట తానే దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. ఆఖరిరోజు తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే మేనల్లుడుగారు.

"నేనూ కడతానండీ. నిజం చెప్పొద్దూ, నాకూ రాదు కదా."

మొత్తం ముప్పైఒక్కమంది!

పరీక్షరోజు బడి వరండాలో మోతీలాల్ పిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపల నేను మూడో పద్దు దగ్గర చెమటలు కక్కుతున్నాను. ఉన్నట్టుండి ముందు బెంచీలోంచి ఒక గొంతు.

"సార్, అడిషనల్ పేపరు!"

తొమ్మిదేళ్లుగా అక్కడ కాపలా కాసే మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "చెంచురామయ్య గారూ... మీరేనా?"

"నేనేనండి. ఈసారి జంటగీతలు కాస్త కిందికి వస్తాయి."

ఫలితాలు చదవండి. చెంచురామయ్య నూటికి నూరు. కమ్లి ఎనభైఆరు. దూలయ్య ముప్పైతొమ్మిది. నేను పూర్తి నిజాయితీతో పంతొమ్మిది. మేనల్లుడుగారు ముప్పైనాలుగు. ఆయనవి అసలు సిసలు ముప్పైనాలుగు.

జూన్‌లో ఇంటర్వ్యూ. ఒక పోస్టు, ఇద్దరు అర్హులు. ప్రెసిడెంటు గారు ముందుగా కమ్లిని పిలిచారు. కిటికీ బయట మేమంతా ఒకరి భుజాల మీద ఒకరం.

"లోయర్ పరీక్షా? ఇది ఏ డిగ్రీకి సమానమమ్మా?" అన్నారు నవ్వుతూ.

"డిగ్రీ ముచ్చట నాకు ఎర్క లేదు సారూ. ఇప్పపువ్వు ముచ్చట ఎర్కే." కొంగుముడి విప్పి ఒక చీటీ తీసింది. "కొన్ననాడు ఒక బస్తా తూకమేసిన. నాలుగొద్దులు ఎండబోసి మల్ల తూకమేసిన. గోదాము దొడ్డి తాళం మీ దగ్గర్నే ఉండె. సాక్షిగ మీ జవాను సంతకం గూడ ఉన్నది, సూడున్రి. నూటికి నలభై తగ్గింది. పగిడయ్య మామ గా నాలుగొద్దులు జొరంతోని ఇంట్ల పండుకున్నడు. మరి ఎవలెత్కపోయిన్రు సారూ? ఎండనా?"

కిటికీ బయట పగిడయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ప్రెసిడెంటు గారు చీటీ రెండుసార్లు చదివి మేనల్లుడి వైపు తిరిగారు. "ఏమిట్రా ఇది?"

"మామయ్యా, ఇన్నేళ్లూ సంతకం నాది, లెక్క ఆయనది. తరుగని ఆయన రాస్తూనే ఉన్నాడు, నేనే చూడలేదు. నాకు ముప్పైనాలుగు వచ్చాయి మామయ్యా! ఈ కుర్చీ ఆయనకిచ్చెయ్. నేను పెనుబల్లి పోయి మామిడితోట చూసుకుంటాను."

అంతటితో ఒక పోస్టు రెండైంది. పగిడయ్యకు కోసినదంతా తిరిగి ఇస్తామని మినిట్సు పుస్తకంలో అప్పటికప్పుడు రాయించాం. కిటికీ బయట వేసిన కేకలకు గోదాము రేకులు అదిరాయి. దూలయ్య పరుగెత్తి కోడిని బతిమాలి లేపాడు. మోతీలాల్ కొత్త కుర్చీని నెత్తిన పెట్టుకున్నాడు. ముందు డప్పులు, వెనక కుర్చీ, దాని వెనక కుర్చీ తనదని కొక్కొక్కొమంటూ కోడి. బజారంతా తిరిగి ఆఫీసుకు వచ్చాం. కొత్త కుర్చీలో కమ్లి, పాత కుర్చీలో చెంచురామయ్య. ఆయన కాసేపు ఇటూ అటూ కదిలి, "వీపుకు ఏదో తగులుతోంది కార్యదర్శీ" అన్నాడు.

"దాన్నే కుర్చీ అంటారు."

చెంచురామయ్య మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. బొగ్గురైలుకు ఇప్పుడు పది డబ్బాలు. సంతకాలన్నీ ఇప్పుడు కమ్లివి. ఆమె కిందటేడు హయ్యర్ కూడా ప్యాసైంది. పాత స్టూలు తలుపు పక్కనే ఉంది. దానిమీద పరీక్ష దరఖాస్తుల కట్ట ఎప్పుడూ ఒకటి ఉంటుంది. కాలికింద అట్టముక్క అలాగే ఉంది.

చదువుతున్న మీకు రెండు పనులు చెబుతాను. మీరు ఏ సంఘంలోనైనా, ఏ ఆఫీసులోనైనా ఉంటే, ఉద్యోగ నిబంధనల్లో 'డిగ్రీ' అన్న మాట పక్కన 'లేదా సర్కారు పరీక్ష ప్యాసైనవారు' అని రాయించండి. అది రాసేదాకా బల్ల దిగకండి. రెండోది ఇంకా తేలిక. మీ ఊళ్లో కూడా ఇలాంటి చిన్న సెంటరు ఒకటి ఒక్క మనిషి తక్కువై మూతపడబోతూ ఉంటుంది. వెళ్లి ఆ ఖాళీ బెంచీలో కూర్చోండి. ఫెయిలైతే మరీ మంచిది, వచ్చే ఏడూ పనికొస్తారు. నేను అయిదేళ్లుగా పనికొస్తూనే ఉన్నాను. మొన్న ముప్పైఒకటి వచ్చాయి.

ఇంతకీ, మీరు పరీక్ష కట్టారా?